ప్రతి ఆపరేటర్‌కీ ఒక సొంత హార్డీ స్పేస్ ఎందుకు?

గోదారి_గట్టు
పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. పది రోజుల్లో సెమినార్. టాపిక్: అవకలన ఆపరేటర్లతో ముడిపడ్డ హార్డీ స్పేస్‌లు, బిఎంఒ స్పేస్‌లు (సగటు నుంచి ఊగిసలాట హద్దులో ఉండే ప్రమేయాలు).
మామూలు హార్డీ స్పేస్ హెచ్1 నాకు అర్థమైంది. ఆటమ్ అంటే ఒక బంతి లోపలే ఉండే ప్రమేయం, దాని సైజు హద్దు దాటకూడదు, సమాకలని సున్నా కావాలి. అలాంటివి కలుపుకుంటూ పోతే హెచ్1 వస్తుంది. అంతవరకు హాయిగా ఉంది. ఆ తర్వాతి పేపర్లు తెరిస్తే ఏదో ఒక ఆపరేటర్ తీసుకుంటారు, దాని హీట్ సెమీగ్రూప్‌తో (ప్రమేయాన్ని వేడిగా వదిలితే టి సమయానికి ఏమవుతుందో చెప్పేది) ఒక స్క్వేర్ ఫంక్షన్ రాస్తారు, అంటే ఆ మార్పుల వర్గాలు కూడి వర్గమూలం తీసింది, అది ఎల్1లో ఉంటే (పరమ విలువ సమాకలని పరిమితమైతే) ప్రమేయం ఆ ఆపరేటర్ తాలూకు హార్డీ స్పేస్‌లో ఉన్నట్టు అంటారు. డెఫినిషన్ కంఠతా వచ్చేసింది. ఎందుకన్నది మాత్రం బుర్రకెక్కలేదు. ఉన్న ఒక్క హార్డీ స్పేస్ చాలదా? మా దగ్గర అడిగితే "ముందు చదువు, అదే అర్థమవుతుంది" అన్నారు. మూడు నెలల నుంచి చదువుతూనే ఉన్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సూటిప్రశ్న
చాలు అనే నా అభిప్రాయం. నేను చదివిన పేపర్లలో చాలావరకు ఒకటే మూస. లాప్లేసియన్ (రెండో అవకలజాల మొత్తం) తీసెయ్, ఇంకో ఆపరేటర్ పెట్టు, పాత సిద్ధాంతాలన్నీ మళ్లీ నిరూపించు.

అర్ధసున్నా
ఒకే పిండితో ఇడ్లీ, దోసె, పునుగులు.

వేడిపెనం
పిండి ఒకటే, పెనం వేరు. తేడా అంతా పెనంలోనే ఉంది, చెప్తాను.
గోదారి_గట్టూ, స్క్వేర్ ఫంక్షన్ కాసేపు పక్కన పెట్టు. ఒక పొడవాటి ఇనప కడ్డీ ఊహించుకో. 0 దగ్గర మొదలై కుడివైపు అంతూ పొంతూ లేకుండా పోతుంది. కడ్డీ అంతా ఒకే వేడి, 1 అనుకో. ఇప్పుడు రెండు రకాలుగా చేద్దాం. ఒకటి, 0 దగ్గరి కొసను ఐసుగడ్డకు ఆనించాం, అక్కడ వేడి ఎప్పుడూ 0. ఇది డిరిక్లె సరిహద్దు. రెండోది, ఆ కొసకు దూది దట్టంగా చుట్టేశాం, అటు నుంచి వేడి బయటికి పోదు. ఇది నాయ్‌మన్ సరిహద్దు. కడ్డీ లోపల సమీకరణం రెండింటికీ అదే, మామూలు రెండో అవకలజం.
కాసేపాగి చెయ్యి పెట్టి చూడు. దూది చుట్టిన కడ్డీలో 1 ఒకటిగానే ఉంటుంది, ఎంతసేపైనా. ఐసు కడ్డీలో టి సమయం గడిచాక ఎక్స్ దూరంలో మిగిలే వేడి ఎర్రర్ ఫంక్షన్ ఇస్తుంది, దాని లోపల పెట్టాల్సింది ఎక్స్ బై రెండు రూట్ టి. టి = 1 అయితే కొస నుంచి 1 దూరంలో 0.52 మిగులుతుంది. 4 దూరంలో 0.995, అంటే కబురు ఇంకా అక్కడిదాకా చేరలేదు.
మామూలు హార్డీ స్పేస్‌లో "సమాకలని సున్నా" అన్న షరతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక్కడ పట్టుకోవాలి. మొత్తం వేడి ఎటూ పోకుండా నిలిచి ఉండే చోటే ఆ షరతు పుడుతుంది. వేడి కారిపోయే చోట దానికి అర్థం లేదు. అది లాప్లేసియన్ పెట్టిన షరతు, దాన్ని మనం అన్ని ఆపరేటర్ల మీదా రుద్దుతున్నాం.

గోదారి_గట్టు
"షరతు పుడుతుంది" అన్న చోట ఇంకొంచెం విప్పండి. వేడి నిలిచి ఉంటే సమాకలని సున్నా ఎందుకు కావాలి?

వేడిపెనం
హెచ్1లో ఉండటానికి ఇంకో పరీక్ష ఉంది కదా. ప్రమేయాన్ని వేడిగా వదిలి, ప్రతి చోటా అన్ని సమయాల్లోకీ గరిష్ఠం ఎంతో రాసుకో. ఆ గరిష్ఠం ఎల్1లో ఉండాలి. 0 దగ్గర చిన్న పెట్టె పెట్టి వదిలావనుకో: 0 నుంచి 1 దాకా విలువ 1, ఆ తర్వాత 0. దూది కడ్డీలో ఎక్స్ దూరంలో ఉన్నవాడికి ఈ వేడి ఎక్కువగా తగిలేది సమయం సుమారు ఎక్స్ స్క్వేర్ అయినప్పుడు. అప్పటికి మొత్తం వేడి ఎక్స్ పొడవునా పరుచుకుని ఉంటుంది, కాబట్టి వాడి వంతు 1 బై ఎక్స్. దాని సమాకలని లాగరిథమ్, అనంతానికి పోతుంది. ఆ ముప్పు తప్పాలంటే ప్రమేయం సమాకలని మొదటే సున్నా అయి ఉండాలి.
ఐసు కడ్డీలో అదే పెట్టె వదులు. ఈలోపు చాలా వేడి ఐసులోకి పోయింది. ఎక్స్ దగ్గరికి చేరేది సుమారు 1 బై ఎక్స్ స్క్వేర్. దాని సమాకలని పరిమితం. ఏ షరతూ పెట్టకుండానే పెట్టె లోపలికి వచ్చేసింది.

అర్ధసున్నా
ఈ పోస్టు సేవ్ చేసుకున్నా.

గోదారి_గట్టు
నిన్న రాత్రి నుంచి కొట్టుకుంటున్నది సరిగ్గా ఇక్కడే. పేపర్లో ఆటమ్ అంటే "ఆపరేటర్‌ను ఒక బి మీద ప్రయోగిస్తే వచ్చేది, ఆ బి కూడా బంతి లోపలే ఉండాలి" అని ఉంది. పెట్టెకి బి లెక్క కట్టాను (ఆపరేటర్ అంటే ఇక్కడ మైనస్ రెండో అవకలజం). 0 నుంచి 1 దాకా ఎక్స్ మైనస్ ఎక్స్ స్క్వేర్ బై 2 వచ్చింది. 1 దాటాక సగం. ఇక ఎంత దూరం పోయినా సగమే, సున్నాకి రాదు. అంటే పెట్టె ఆటమ్ కాదు. మీరేమో లోపల ఉందంటున్నారు.

నల్లబల్ల
లెక్క కరెక్టే. పెట్టె ఒక్క ఆటమ్ కాదు, బోలెడు ఆటమ్‌ల మొత్తం. చాక్‌పీస్ పట్టుకున్నట్టే చెప్తాను.
ముందు ఒక చిన్న విషయం. బి బయట సున్నా కావాలంటే ఐసు కడ్డీలో ఏం కావాలి? ప్రమేయాన్ని ఎక్స్‌తో గుణించి సమాకలనం చేస్తే సున్నా రావాలి. (ఎందుకంటే ఎక్స్ అనేది 0 దగ్గర సున్నా, దాని రెండో అవకలజం కూడా సున్నా. రెండుసార్లు విభాగ సమాకలనం చేసి చూసుకో.) పెట్టెకి ఆ విలువ సగం. అందుకే నీ బి సగం దగ్గర ఆగిపోయింది. అది యాదృచ్ఛికం కాదు.
ఇప్పుడు 0 నుంచి 2 దాకా ఉన్న పెట్టె తీసుకో. దానికి ఆ విలువ 2. కాబట్టి మొదటి పెట్టె నుంచి రెండో పెట్టెలో నాలుగో వంతు తీసేస్తే సరిగ్గా సున్నా. ఆటమ్ దొరికింది! కానీ తీసేసిన నాలుగో వంతు మళ్లీ కలపాలి కదా. దానికి 0 నుంచి 4 దాకా ఉన్న పెట్టెలో పదహారో వంతు తీసెయ్. అలా అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. అప్పు ఎంతుందో చూడు: పెట్టె పొడవు రెట్టింపవుతోంది, ఎత్తు నాలుగో వంతవుతోంది, వైశాల్యం సగమవుతోంది. 1, సగం, పావు, అరపావు. గుణశ్రేఢి, మొత్తం 2. అప్పు తీరిపోయింది.

గోదారి_గట్టు
అయ్య బాబోయ్. మూడు నెలలు.
ఆగండి, నాయ్‌మన్‌కి నేనే చేస్తాను. అక్కడ ఎక్స్ బదులు 1తో గుణించాలి, అంటే ఉత్త సమాకలనే. మొదటి పెట్టెకి 1, రెండో దానికి 2. కాబట్టి సగం తీసెయ్యాలి. తర్వాత పావు. పొడవు రెట్టింపు, ఎత్తు సగం, వైశాల్యం 1, 1, 1, 1... అప్పు పైసా తగ్గట్లేదు! అందుకే పెట్టె నాయ్‌మన్ హార్డీ స్పేస్‌లో లేదు.

సూటిప్రశ్న
ఈ చివరి వాక్యం ఒప్పుకోను. ఒక విడదీత కుదరలేదు కాబట్టి ఏ విడదీతా కుదరదని ఎలా అంటావు? సెమినార్‌లో ఇలా అంటే అక్కడే పట్టుకుంటారు.

గోదారి_గట్టు
నిజమే.

నల్లబల్ల
మంచి పాయింట్. సమాధానం ఒక్క ముక్క. నాయ్‌మన్ ఆటమ్ ప్రతిదానికీ సమాకలని సున్నా. వాటి మొత్తం ఎల్1లో అభిసరిస్తే దాని సమాకలనీ సున్నానే. పెట్టె సమాకలని 1. ఇక ఏ విడదీతా కుదరదు. అప్పు తగ్గకపోవడం దీని ఇంకో ముఖం.

సూటిప్రశ్న
ఇది బాగుంది. కానీ నా అసలు అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. ఐసు కడ్డీ ప్రమేయాన్ని 0కి ఎడమవైపు బేసి ప్రమేయంగా పొడిగించు, దూది కడ్డీది సరి ప్రమేయంగా పొడిగించు. రెండూ మామూలు రేఖ మీది మామూలు హెచ్1లోకి వచ్చి పడతాయి. పెట్టెని బేసిగా పొడిగిస్తే సమాకలని సున్నా, సరిగా పొడిగిస్తే 2. అయిపోయింది. చాంగ్, క్రాంట్జ్, స్టైన్ 1993లోనే నునుపైన డొమైన్ల మీద రెండు హార్డీ స్పేస్‌లు పెట్టి ఇదంతా చేశారు. ఒకటి బయటి హెచ్1ని డొమైన్‌కి కుదిస్తే వచ్చేది, ఇంకోటి సున్నాగా పొడిగిస్తే హెచ్1లో పడేవి. కొత్త ఆపరేటర్ యంత్రాంగం ఎందుకు?

వేడిపెనం
సగం కడ్డీకి అద్దం పెట్టొచ్చు కాబట్టి సరిపోయింది. అద్దం పెట్టలేని ఆపరేటర్లు బోలెడు.

రామచిలుక22
ఫిజిక్స్ నుంచి వచ్చినవాణ్ణి, ఒక ఉదాహరణ ఇస్తాను. హార్మానిక్ ఆసిలేటర్, అంటే మైనస్ లాప్లేసియన్ ప్లస్ ఎక్స్ స్క్వేర్. గణితంలో హెర్మైట్ ఆపరేటర్ అంటారు. ఒక డైమెన్షన్‌లో దాని ఐగెన్ విలువలు 1, 3, 5, 7... దీనికి సరిహద్దే లేదు, కానీ వేడి అన్ని చోట్లా కారుతుంది, దూరం పోయేకొద్దీ జోరుగా. 1 వదిలితే టి = 0.05 నాటికి మధ్యలో 0.998 మిగులుతుంది. 3 దూరంలో 0.64. 5 దూరంలో 0.29. ఒకే క్షణం, మూడు చోట్ల మూడు కథలు. దీనికి ఏ అద్దం పెడతారు?

నల్లబల్ల
ఇక్కడే ష్రోడింగర్ ఆపరేటర్ల కథ వస్తుంది: మైనస్ లాప్లేసియన్‌కి పొటెన్షియల్ అనే ఒక ప్రమేయం కలిపినవి, హెర్మైట్‌లో అది ఎక్స్ స్క్వేర్. పొటెన్షియల్ ఎక్కడ ఎంత బలంగా ఉందో దాన్నిబట్టి ప్రతి బిందువుకీ ఒక హద్దు వ్యాసార్ధం ఉంటుంది. 1995లో షెన్ పేపర్ ఆ వ్యాసార్ధాన్ని బాగా వాడింది. 1999లో జుబాన్‌స్కి, జెన్‌కెవిచ్ దాని మీద హార్డీ స్పేస్ కట్టారు. ఆటమ్ ఉన్న బంతి ఆ హద్దు కన్నా చిన్నదైతే సమాకలని సున్నా కావాలి, హద్దును అందుకుంటే అక్కర్లేదు. హెర్మైట్‌కి ఆ హద్దు సుమారు 1 బై (1 ప్లస్ దూరం). అంటే ఎంత దూరం పోతే అంత చిన్న బంతికి కూడా షరతు మాఫీ. రామచిలుక చెప్పిన మూడు అంకెల్లో ఉన్నది ఇదే.
హెర్మైట్ విస్తరణల మీద మన దేశంలో చదవాల్సినవి తంగవేలు గారి లెక్చర్లు, 1993లో ప్రిన్స్‌టన్ వాళ్లు పుస్తకంగా వేశారు. సెమినార్‌కి ముందు మొదటి అధ్యాయాలైనా చూడు.

గోదారి_గట్టు
లైబ్రరీలో ఉంది, రేపే తెస్తాను. బిఎంఒ వైపు కూడా ఒక ముక్క చెప్పరా ఎవరైనా?

నల్లబల్ల
మామూలు బిఎంఒ 1961లో జాన్, నీరెన్‌బర్గ్ పెట్టారు. ప్రతి బంతిలోనూ ప్రమేయం తన సగటు నుంచి సగటున ఎంత దూరం తిరుగుతోందో చూస్తాం. 1971లో ఫెఫర్‌మన్ ఇది హెచ్1కి డ్యూయల్ అని, అంటే హెచ్1 మీది అవిచ్ఛిన్న రేఖీయ కొలతలన్నీ ఇందులోవే అని చూపించాడు. సగటు తీసేస్తాం కాబట్టి స్థిరాంకాలన్నీ సున్నా కింద లెక్క. 2005లో డువాంగ్, యాన్ చేసిన మార్పు వినడానికి చిన్నది: సగటు బదులు, బంతి వ్యాసార్ధం వర్గమంత సమయం వేడిగా వదిలిన ప్రమేయాన్ని తీసెయ్. ఐసు కడ్డీలో 1 ఒకటిగా నిలవదు కాబట్టి స్థిరాంకానికీ అక్కడ సున్నా కాని నార్మ్ (సైజు) వస్తుంది. ఇందాకటి పెట్టె లోపలికి రాగలిగిందన్నా, 1 నార్మ్ సున్నా కాదన్నా ఒకటే మాట, డ్యూయల్ వైపు నుంచి చూస్తున్నాం అంతే.

సూటిప్రశ్న
ఉదాహరణలు బాగున్నాయి. అయినా ఇవన్నీ కొన్ని ప్రత్యేక కేసులు. మామూలు హెచ్1 వాడితే ఎక్కడైనా తప్పు సమాధానం వస్తుందా? అది చూపిస్తే ఒప్పుకుంటాను.

పరిధి_దాటి
వస్తుంది. నేను రోజూ పని చేసేది దాంతోనే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.
డైవర్జెన్స్ రూపంలో ఉన్న ఎలిప్టిక్ ఆపరేటర్ తీసుకోండి. మధ్యలో గుణకాల మాత్రిక ఉంటుంది, దానికి హద్దు తప్ప నునుపు లేదు, అవిచ్ఛిన్నం కూడా కానక్కర్లేదు. రెండు లోహాలు అతికించిన రేకులో వేడి పాకడం లాంటిది, అతుకు దగ్గర గుణకం ఒక్కసారిగా దూకుతుంది. దీనికి రీస్ ట్రాన్స్‌ఫామ్ (ముందు ఆపరేటర్ వర్గమూలపు విలోమం, ఆపైన గ్రేడియెంట్) రాయాలంటే ఆపరేటర్ వర్గమూలం కావాలి. ఆ వర్గమూలాన్ని గ్రేడియెంట్‌తో పోల్చగలమా అన్నదే కాటో ప్రశ్న. 1961లో అడిగింది. అన్ని డైమెన్షన్లకీ జవాబు 2002లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో వచ్చింది, ఐదుగురి పేపర్: ఓషేర్, హాఫ్‌మన్, లేసీ, మెకింటాష్, చామిచియాన్. అది ఎల్2 సంగతి.
ఇక ఎల్పీలో, అంటే పరమ విలువ పీ-వ ఘాతం సమాకలని పరిమితమైన ప్రమేయాల్లో. గుణకాలు రియల్ అయితే హీట్ కెర్నెల్‌కి (ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకి వేడి ఎంత చేరుతుందో చెప్పేది) గౌసియన్ హద్దు దొరుకుతుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. కాంప్లెక్స్ అయితే, డైమెన్షన్ పెద్దదైతే, ఆ హద్దు పోయే కేసులున్నాయి. అలాంటి చోట రీస్ ట్రాన్స్‌ఫామ్ 1కి దగ్గరలో ఉన్న ఎల్పీల్లో పని చేయదు. ఇప్పుడు సూటిప్రశ్న గారి ప్రశ్న. ఆ రీస్ ట్రాన్స్‌ఫామ్ మామూలు హెచ్1ని ఎల్1లోకి తీసుకెళ్తుందని అనుకుందాం. ఎల్2లో ఎలాగూ పని చేస్తుంది. రెండింటి మధ్య ఇంటర్‌పొలేషన్ చేస్తే 1కీ 2కీ మధ్య ప్రతి ఎల్పీలోనూ పని చేసి తీరాలి. చేయట్లేదని మనకు తెలుసు. కాబట్టి అనుకున్నది తప్పు. అక్కడ మామూలు హెచ్1 పనికిరాదు, అది నిరూపణ.
కానీ ఆపరేటర్ తాలూకు సొంత హార్డీ స్పేస్ నుంచి ఎల్1కి అదే రీస్ ట్రాన్స్‌ఫామ్ చక్కగా వెళ్తుంది. హాఫ్‌మన్, మయబొరోడా 2009లో మథమాటిషె అన్నాలెన్‌లో చూపించారు. కెర్నెల్ మీద బిందువు బిందువుకీ హద్దులు అక్కర్లేదు. ఒక గుంపు నుంచి దూరంగా ఉన్న ఇంకో గుంపుకి వేడి ఎల్2 లెక్కన ఎంత తక్కువ చేరుతుందో తెలిస్తే చాలు.

సూటిప్రశ్న
ఇంటర్‌పొలేషన్ వాదన ఒప్పుకుంటున్నాను. మూస పేపర్ల మీద నా మాట మార్చుకోను. కానీ "చాలు" అన్న నా మొదటి పోస్టు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను.

అర్ధసున్నా
ఈ వేదికలో ఒకరు మాట వెనక్కి తీసుకోవడం చూశాను, ఇవాళ స్వీటు కొనుక్కుంటా.

వాల్తేరు_మెట్ట
హీట్ కెర్నెల్ అన్న మాట ఇన్నిసార్లు వచ్చి మా ఊరి పేరు రాకపోతే ఎలా. మీనాక్షిసుందరం గారు తెలుగువారు కాదు గానీ పని చేసింది ఇక్కడే, వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో. 1949లో ప్లైయెల్‌తో కలిసి రాసిన పేపర్ కెనడియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమాటిక్స్ మొట్టమొదటి సంపుటంలో ఉంది. వంపు తిరిగిన తలం మీద లాప్లేసియన్ ఐగెన్ విలువలతో ఒక జీటా ప్రమేయం కట్టి, చాలా చిన్న సమయంలో వేడి ఎలా ప్రవర్తిస్తుందో దాన్నిబట్టి ఆ జీటా గుణాలు రాబట్టారు. తలం ఘనపరిమాణం, వంపు అన్నీ ఆ చిన్న సమయపు వేడిలోనే ఉంటాయి. యూనివర్సిటీ ఎత్తు మీద నుంచి సముద్రం కనిపించినప్పుడల్లా నాకు ఆ పేపర్ గుర్తొస్తుంది. ఇక్కడి పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలియదు. బాధగా ఉంటుంది.

నల్లబల్ల
మా కాలేజీలో నేను ప్రతి ఏడాదీ ఒక క్లాసు ఆయన మీద చెప్తాను. ఇంకో ఇద్దరు చెప్తే బాగుండు.

రామచిలుక22
నాకు ఇవాళే తెలిసింది. వెతికి చదువుతాను.

గోదారి_గట్టు
సెమినార్ అయింది! స్క్వేర్ ఫంక్షన్ డెఫినిషన్ నలభయ్యో నిమిషంలో పెట్టాను. మొదట కడ్డీ, ఐసు, దూది. బోర్డు మీద పెట్టెలు గీసి అప్పు లెక్క చేస్తుంటే వెనక బెంచీలో ఫోన్లు కిందికి దిగాయి. "ఒక విడదీత కుదరకపోతే ఏంటి" అన్న ప్రశ్న అచ్చంగా వచ్చింది, సూటిప్రశ్న గారికి రుణపడి ఉన్నాను.
చివర్లో ఒకరు అడిగిన దానికి మాత్రం ఆలోచించి చెప్తానన్నాను. దూది పలచగా కడితే ఏమవుతుంది? కొస దగ్గర వేడి కొంచెం కొంచెం కారుతుంది. అంటే 0 దగ్గర అవకలజం, విలువకి ఒక చిన్న గుణకం రెట్లు. రాబిన్ సరిహద్దు. దాని హార్డీ స్పేస్ ఐసుదా, దూదిదా?

వేడిపెనం
ఎక్స్ బదులు, 1 బదులు, ఇప్పుడు దేనితో గుణించాలో ముందు కనుక్కో. రెండో అవకలజం సున్నా కావాలి, 0 దగ్గర సరిహద్దు షరతు పాటించాలి. ఆ తర్వాత నీ అప్పు లెక్కే.

గోదారి_గట్టు
1 ప్లస్ గుణకం ఇంటూ ఎక్స్. గుణకం 64లో ఒకటో వంతు పెట్టి చేశాను. పెట్టె పొడవు 1, 2, 4, 8 అని పెంచుకుంటూ పోతే మిగిలిన అప్పు ఇలా వచ్చింది. పొడవు 8 దగ్గర 0.95. 16 దగ్గర 0.90. 32 దగ్గర 0.81. 64 దగ్గర 0.67. 128 దగ్గర 0.50. 256 దగ్గర 0.34. 512 దగ్గర 0.20. 1024 దగ్గర 0.11.
మొదట్లో కదలనే కదల్లేదు, అచ్చం దూది కడ్డీ. 64 దాటాక జారడం మొదలై, చివరికి ప్రతి మెట్టుకీ దాదాపు సగం, అచ్చం ఐసు కడ్డీ. మొత్తం పరిమితమే, కాబట్టి పెట్టె లోపలే ఉంది. కానీ చిన్న బంతులకు సమాకలని షరతు ఉన్నట్టే లెక్క. ఇది నల్లబల్ల గారు చెప్పిన హద్దు వ్యాసార్ధమే కదా? ఇక్కడ అది 64?

నల్లబల్ల
64 దగ్గర్లో. ఇప్పుడు గుణకం సగం చేసి చూడు, హద్దు ఎటు జరుగుతుందో.

గోదారి_గట్టు
128 దగ్గరికి జరిగింది. కాగితం అయిపోయింది, కొత్త నోట్‌బుక్ తెచ్చుకుని నిలువునా రెండు గుణకాలూ పక్కపక్కన రాస్తాను.